కొత్త డిస్కులు వేసినా స్టీరింగ్ అదురుతోంది, తప్పు నా కాలిదేనా?

ఈ ఉత్తరం రాసినావిడ మదనపల్లెలో ఒక కాలేజీలో లెక్చరర్. భర్త ఉద్యోగం, అత్తవారిల్లు తిరుపతిలో. శుక్రవారం సాయంత్రం ఏడేళ్ళ కూతురిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని భాకరాపేట ఘాట్ దిగి తిరుపతి వెళ్తారు. సోమవారం తెల్లవారుజామున తిరిగి వస్తారు. కారు రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్ గేర్లు, ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు.

పోయినేడాది నుంచి ఒకటే గొడవ. ఎనభై, తొంభై స్పీడులో బ్రేక్ తొక్కితే స్టీరింగ్ చేతుల్లో అదురుతుంది. నలభైకి దిగేసరికి పోతుంది. బ్రేక్ తొక్కనంతసేపూ కారు సాఫీగానే నడుస్తుంది. ఆడపడుచు భర్తకు తిరుపతిలో గ్యారేజీ ఉంది. ఆయన చూసి "డిస్క్ బెండ్" అన్నారు, లేత్ మీద స్కిమ్మింగ్ (డిస్కు పైపొరను సన్నగా కోసి నున్నగా చేయడం) చేయించారు. నెలన్నర బాగుంది, మళ్ళీ మొదలైంది. ఈసారి ఆయనే కొత్త డిస్కులు, వాటిని నొక్కి పట్టే ప్యాడ్లు తెప్పించి కొన్న ధరకే వేశారు, లేబర్ చార్జీ తీసుకోలేదు. మూడు నెలలు గడిచాయో లేదో మళ్ళీ పాత కథే, పైగా ముందుకన్నా ఎక్కువ. ఆయనకు చెప్పకుండా ఒక సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, అక్కడి సూపర్‌వైజర్ బండిని పైకెత్తి కూడా చూడకుండా "మేడమ్, మీరు బ్రేక్ మీద కాలు పెట్టే నడుపుతారు. ఘాట్‌లో ఆడవాళ్ళందరూ ఇంతే" అన్నాడట. డిస్కులు మళ్ళీ మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టాడట.

"ఆ మాట విన్నప్పటి నుంచి ఘాట్ దిగుతుంటే రోడ్డు మీద కన్నా నా కాలి మీదే ఎక్కువ దృష్టి ఉంటోంది" అని రాశారు. భర్త కారు అమ్మేద్దాం అంటున్నారు. ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్ళినట్టు తెలిస్తే అన్నయ్య (ఆడపడుచు భర్తను అలాగే పిలుస్తారు) నొచ్చుకుంటారని భయం. ఆవిడ అడిగినవి మూడు: తప్పు నా డ్రైవింగ్‌దా? పాపను ఎక్కించుకుని ఈ కారు నడపొచ్చా? అన్నయ్యకు ఎలా చెప్పాలి?

ఉత్తరం చివర, సంతకం కింద, "పనికొస్తాయో లేదో" అంటూ ఇంకో మూడు ముక్కలు రాశారు. కారు కడిగేటప్పుడు ముందు ఎడమ చక్రం రిమ్ముకు మాత్రమే నల్లటి పొడి బాగా పడుతోంది. రెండోసారి అదురు మొదలవడానికి కొన్ని వారాల ముందు అదే చక్రానికి పంక్చర్ వేయించారు. ఘాట్ దిగాక పెట్రోల్ బంక్ దగ్గర ఆగి, ఇంజన్ ఆపకుండా బ్రేక్ తొక్కిపట్టే పాపకు బిస్కెట్లు ఇస్తారు.

సమాధానం:

మీ జవాబు ఆ సంతకం కిందే ఉంది.

బ్రేక్ పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడి ముందు చక్రాలు రెండింటికీ సమానంగా వెళ్తుంది. ఎడమ డిస్కును గట్టిగా, కుడి డిస్కును మెత్తగా నొక్కే విద్య ఎవరి కాలికీ తెలియదు. మీరు బ్రేక్ మీద కాలు పెట్టే నడుపుతున్నారనుకుందాం. అప్పుడు రెండు రిమ్ములూ ఒకేలా నల్లబడాలి. ఎడమది మాత్రమే నల్లబడుతోందంటే అక్కడ ప్యాడ్లు మీరు తొక్కనప్పుడు కూడా డిస్కును రాసుకుంటున్నాయని గట్టి అనుమానం. ఆ సూపర్‌వైజర్ రెండు చక్రాల వైపు ఒక్కసారి వంగి చూసి ఉంటే ఆ మాట అనేవాడు కాదు. ఆడవాళ్ళ డ్రైవింగ్ గురించి ఆయనకున్న అభిప్రాయం ఆయన దగ్గరే ఉండనివ్వండి. అది బ్రేక్ పరీక్ష కాదు. మీ డ్రైవింగ్‌కు ఇందులో ఏ పాత్రా లేదని మాత్రం నేను అనను. చిన్న పాత్ర ఉంది, దాని గురించి తర్వాత చెప్తాను.

ముందు ఈ శుక్రవారం సంగతి. స్టీరింగ్ అదిరినంత మాత్రాన బ్రేకులు ఉన్నపళంగా ఫెయిలవుతాయని కాదు. కానీ ఒక పక్క ప్యాడ్లు రాసుకుంటూ ఉంటే ఆ చక్రం ఘాట్ మొదలవకముందే వేడెక్కి ఉంటుంది. ఆ వేడి, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ గుండా బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల వరకు మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. ఘాట్‌లో అసలు ప్రమాదం అది. రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిల్ మార్చాలి. మీరు కొన్నాక మార్చినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు, అంతకు ముందు ఓనరు మార్చారో లేదో ఎవరికి తెలుసు? అందుకని ఎడమ చక్రం విప్పి చూసేదాకా పాపతో ఘాట్ దిగే పని బస్సుకు అప్పజెప్పండి. ఊళ్ళో కాలేజీకి, మార్కెట్‌కు నడుపుకోవచ్చు. పెడల్ మెత్తబడినా, బ్రేక్ తొక్కితే కారు ఒక పక్కకు లాగినా, చక్రం నుంచి కాలిన వాసన వచ్చినా, ఇనుము ఇనుమును గీరిన చప్పుడు వచ్చినా ఊళ్ళో కూడా నడపొద్దు.

ఇక అదురు సంగతి. మన గ్యారేజీల్లో స్టీరింగ్ వణికితే చాలు, డిస్క్ బెండ్ అని తీర్పు చెప్పేస్తారు. నిజంగా వంగిన డిస్కులు అరుదు. ఎక్కువసార్లు జరిగేది ఏమిటంటే, డిస్కు మందం చుట్టూ ఒకేలా లేకుండా పోవడం. ఒక చోట ఎక్కువ అరుగుతుంది, లేదా ఒక చోట ప్యాడ్ పదార్థం మచ్చలా అంటుకుంటుంది. మందంగా ఉన్న చోటు ప్యాడ్ల మధ్యకు వచ్చినప్పుడల్లా చక్రం కాస్త గట్టిగా పట్టుకుంటుంది, దాటగానే వదులుతుంది. మీ కారు సైజు టైరు చుట్టుకొలత రెండు మీటర్లకు కాస్త తక్కువ. తొంభై స్పీడులో సెకనుకు 25 మీటర్లు పోతారు కాబట్టి చక్రం సెకనుకు 13 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 13 సార్లు పట్టి వదులుతుంది. ముందు సస్పెన్షన్, స్టీరింగ్ సహజంగా ఊగే వేగం కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. అందుకే తొంభైలో చేతులు అదురుతాయి, నలభైలో అదే డిస్కు బుద్ధిగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ తేడా కంటికి కనిపించేది కాదు. ఒక మిల్లీమీటరులో వందో వంతు, రెండు వంతులు తేడా వచ్చినా కొన్ని కార్లలో చేతికి తెలుస్తుంది.

బ్రేక్ తొక్కకపోతే సాఫీగా ఉందన్నారు కాబట్టి వీల్ బ్యాలెన్సింగ్ లోపం కాదు. వణుకు సీట్లో కాకుండా స్టీరింగ్‌లో ఉంది కాబట్టి వెనక డ్రమ్ముల మీద అనుమానం తక్కువ. కంకర మీద సడన్‌గా బ్రేక్ వేసినప్పుడు పెడల్ కాలి కింద టకటకా కొట్టుకోవడం వేరు, అది చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్ తన పని తాను చేసుకోవడమే.

మీ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది కాలం. స్కిమ్మింగ్ తర్వాత నెలన్నర, కొత్త డిస్కుల తర్వాత మూడు నెలలు. డిస్కులే నాసిరకం అయితే మొదటి రోజుల్లోనే తెలిసే అవకాశం ఎక్కువ. మొదట బాగుండి, మెల్లగా మొదలై, పెరుగుతూ వచ్చిందంటే బాగున్న డిస్కును ఏదో పాడు చేస్తోంది. ఆ ఏదో అలాగే ఉండగా డిస్కులు మారుస్తూ పోతే ప్రతి మూడు నెలలకూ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది.

పాడు చేసేవాటిలో మొదటి అనుమానం క్యాలిపర్ స్లైడ్ పిన్నులు. క్యాలిపర్ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతూ ఉండాలి. ఒకవైపే పిస్టన్ ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను నొక్కగానే క్యాలిపర్ మొత్తం జరిగి బయటి ప్యాడ్‌ను కూడా డిస్కుకు ఆనిస్తుంది. పిన్ను మీది రబ్బరు బూటు చిరిగితే లోపలికి నీళ్ళు పోతాయి, గ్రీజు ఎండిపోతుంది, పిన్ను తుప్పు పట్టి బిగుసుకుంటుంది. అప్పుడు క్యాలిపర్ వెనక్కి జరగదు, ప్యాడ్ డిస్కును వదలదు. ప్యాడ్లు మార్చేటప్పుడు చాలామంది మెకానిక్‌లు కింది బోల్టు ఒక్కటి విప్పి, క్యాలిపర్‌ను పైకి తిప్పి, ప్యాడ్లు దూర్చి మూసేస్తారు. పై పిన్ను బయటికే రాదు. మీ అన్నయ్యగారు అలాగే చేశారని అనడం లేదు, అడిగి తెలుసుకోవాలి. పిన్ను బిగుసుకుందో లేదో ప్యాడ్లే సాక్ష్యం చెప్తాయి. ఎడమ చక్రంలో లోపలి ప్యాడ్ బాగా అరిగి, బయటిది కొత్తగా ఉంటే పిన్నుల సంగతే. రెండూ సమానంగా, కానీ కుడి చక్రం కన్నా ఎక్కువ అరిగి ఉంటే పిస్టన్ వెనక్కి రావడం లేదన్నమాట. లేదా ఆ చక్రానికి వెళ్ళే రబ్బరు బ్రేక్ గొట్టం లోపల ఉబ్బి, ఒత్తిడిని వదలకుండా పట్టేస్తోందేమో.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. ఖాళీగా ఉన్న రోడ్డు మీద పది కిలోమీటర్లు వీలైనంత తక్కువ బ్రేకులతో నడిపి, చివర్లో స్పీడు తగ్గించుకుంటూ మెల్లగా ఆగండి. రెండు ముందు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి చూడండి. తాకొద్దు, దగ్గర పెడితే చాలు. ఎడమ వైపు సెగ కొడితే అనుమానం రుజువైనట్టే. కొలిచి చూడాలంటే వర్క్‌షాపుల్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కావాలి. కరోనా రోజుల్లో నుదుటి మీద పెట్టినది ఇంట్లో ఉంటే దాన్ని తీయకండి. అది జ్వరం దాకానే చూస్తుంది, డిస్కు వేడి దాని లెక్కకు అందదు.

రెండో అనుమానం హబ్ ముఖం. డిస్కు కూర్చునే ఇనుప పళ్ళెం అది. పాత డిస్కు తీసినప్పుడు దాని మీద తుప్పు పొరలు ఉంటాయి. వైర్ బ్రష్, ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా శుభ్రం చేయకుండా కొత్త డిస్కు పెట్టేస్తే, వెంట్రుక మందం ఉన్న ఒక్క తుప్పు పెచ్చు చాలు, డిస్కు కాస్త ఒరిగి కూర్చుంటుంది. అంచు దగ్గరికి వచ్చేసరికి ఆ ఒరుగు ఇంకా పెరుగుతుంది. మొదటి రోజు మీకేమీ తెలియదు. కానీ చక్రం తిరిగినప్పుడల్లా, బ్రేక్ తొక్కకపోయినా, ఆ ఒరిగిన భాగం ప్యాడ్‌ను తాకి పోతుంటుంది. వేల కిలోమీటర్లలో ఆ చోటు మిగతా డిస్కు కన్నా పలచబడుతుంది. అప్పుడు అదురు మొదలవుతుంది. మూడు నెలల గడువు దీనికి కూడా అతికినట్టు సరిపోతుంది. స్కిమ్మింగ్ ఎందుకు నిలబడలేదో కూడా ఇదే చెప్తుంది. లేత్ మీద డిస్కు నున్నగా అవుతుంది, తిరిగి అదే తుప్పు పట్టిన హబ్ మీద కూర్చుంటుంది.

దీన్ని తేల్చేది డయల్ గేజ్, అంటే సన్నటి ఊగును కూడా ముల్లుతో కొలిచి చూపే పరికరం. అయస్కాంతం స్టాండుతో వస్తుంది. చక్రం తీసి, డిస్కును నట్లన్నీ సమంగా బిగించి, అంచు నుంచి సుమారు 10 మి.మీ. లోపల గేజ్ మొన ఆనించి, చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పాలి. ముల్లు ఎంత ఊగిందో చూడాలి. హద్దు కారును బట్టి మారుతుంది, మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. మంచి పనితనం అంటే 0.05 మి.మీ. లోపు ఉండాలి. ఎక్కువ ఊగితే, ఊగిన చోట సుద్దతో గుర్తు పెట్టి, డిస్కును తీసి ఒక బోల్టు పక్కకు జరిపి మళ్ళీ కొలవాలి. ఎక్కువ ఊగే చోటు డిస్కుతో పాటు జరిగితే తప్పు డిస్కుది. హబ్ దగ్గరే ఉండిపోతే తప్పు హబ్‌ది, లేదా వీల్ బేరింగ్‌ది. కొన్ని కార్లలో డిస్కును హబ్‌కు పట్టి ఉంచే చిన్న స్క్రూ వల్ల ఇలా జరపడం కుదరదు. పావుగంటలో అయిపోయే ఈ కొలత తీయకుండా ఎవరైనా డిస్కులు మార్చమంటే, మీ డబ్బుతో ఊహాగానాలు చేస్తున్నారనే అర్థం.

పంక్చర్ సంగతికి వస్తే, అది చిల్లర విషయం కాదు. పంక్చర్ షాపుల్లో ఎయిర్ గన్‌తో ఒక నట్టు తర్వాత పక్క నట్టు కసకసా బిగించేస్తారు. నట్లు ఒక్కోటి ఒక్కో బిగువులో ఉంటే డిస్కు హబ్ మీద ఒక పక్కకు లాగబడుతుంది. చేత్తో ఎదురెదురు నట్లను మార్చి మార్చి బిగించి, చివర బిగువును కొలిచి బిగించే టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో చెప్పిన లెక్కకు తేవాలి. చాలా చిన్న కార్లకు అది 100 న్యూటన్ మీటర్ల అటూ ఇటూ ఉంటుంది. ఈ పని ఇప్పుడే చేయించవచ్చు, ఖర్చు దాదాపు ఉండదు. ఇప్పటికే అరిగిన డిస్కు దీంతో బాగవదు, కొత్త డిస్కు వేశాక మాత్రం ఇది మరిచిపోకూడదు. ఇకపై పంక్చర్ వేయిస్తే ఎయిర్ గన్ పక్కన పెట్టి స్పానర్‌తో బిగించమనండి. కుర్రాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

ఇప్పుడు మీ వాటా. వెయ్యి కిలోల కారు 100 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి మూడు లీటర్ల నీళ్ళను మరిగించగలదు. ఘాట్ దిగేటప్పుడు ఆ శక్తిలో ఎంత భాగాన్ని ఇంజన్ పట్టి ఆపితే బ్రేకులకు అంత తక్కువ మిగులుతుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే. దిగడం మొదలయ్యే ముందే మూడో గేరుకో, మలుపుల దగ్గర రెండో గేరుకో వచ్చేయండి. ఇంజన్ మోత పెరిగితే కంగారు పడకండి, అది ఆరోగ్యకరమైన మోతే. బ్రేక్‌ను సన్నగా, ఆపకుండా తొక్కి ఉంచడం కన్నా కాస్త గట్టిగా తొక్కి స్పీడు దించి పూర్తిగా వదిలేయడం మేలు. వదిలినంతసేపూ డిస్కుకు గాలి తగులుతుంది. న్యూట్రల్‌లో దిగడం గురించి మీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

ఆ పెట్రోల్ బంక్ అలవాటు మాత్రం మానండి. ఘాట్ దిగిన డిస్కు భగభగలాడుతుంటుంది. కారు ఆపి బ్రేక్ తొక్కిపట్టి ఉంచితే ప్యాడ్ కింద ఉన్న చోటు చల్లారదు, ప్యాడ్ పదార్థం అక్కడ అచ్చు పడుతుంది. మిగతా డిస్కు మాత్రం చల్లారుతుంది. అలా ఏర్పడ్డ మచ్చ దగ్గర ఘర్షణ మారుతుంది, తర్వాత బ్రేకుల్లో ఆ చోటే ఎక్కువ వేడెక్కుతుంది. బాగా ముదిరితే అక్కడి పోత ఇనుము స్వభావమే మారి, చుట్టూ ఉన్నదాని కన్నా గట్టిపడుతుంది. నీలంగా కనిపించే మచ్చలు బాగా వేడెక్కిన గుర్తు. లేత్ మీద కోసినా ఆ గట్టి మచ్చ లోతుగా ఉంటే మిగిలిపోతుంది, చుట్టూ అరిగి అది మళ్ళీ ఎత్తుగా తేలుతుంది. కాబట్టి ఘాట్ దిగాక వెంటనే ఆగకుండా నాలుగైదు కిలోమీటర్లు చదును రోడ్డు మీద నడపండి, ఆ తర్వాత ఆగండి. ఆగాక గేరులో పెట్టి ఇంజన్ ఆపేసి హ్యాండ్‌బ్రేక్ వేయండి. మీ కారులో హ్యాండ్‌బ్రేక్ వెనక డ్రమ్ముల మీద పనిచేస్తుంది, ముందు డిస్కులకు విశ్రాంతి. దిగిన వెంటనే వాటర్ సర్వీసింగ్‌కు కూడా ఇవ్వకండి.

అంటే సూపర్‌వైజర్ మాటలో కొంత నిజం ఉందా? ఉంది. కానీ ఆ అలవాటు ఒక్కదాని వల్లే అయితే రెండు డిస్కుల మీదా గుర్తులు ఉండాలి. ఎడమ పక్క పొడిని అది వివరించలేదు.

ఇక ఏం చేయొచ్చో చూద్దాం. చౌకైన దారి ఇప్పుడున్న డిస్కులను మళ్ళీ స్కిమ్మింగ్ చేయించడం. డిస్కు మీదే కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. సన్నటి మందాలు కొలిచే మైక్రోమీటర్‌తో చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచి, కోసిన తర్వాత కూడా ఆ హద్దు కన్నా తగినంత ఎక్కువ మిగులుతుందంటేనే ఆ మాట ఎత్తాలి. ఊళ్ళో మాత్రమే తిరిగే కారుకైతే నేను దీనికే ఓటేస్తాను. మీరు వారం వారం ఘాట్ దిగుతారు. కోసిన డిస్కులో ఇనుము తగ్గుతుంది, అదే బ్రేకుకు ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. నీలం మచ్చలుంటే అసలు వద్దు. రెండో దారి కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు. ఖర్చు వేలల్లో ఉంటుంది, కానీ పిన్నులు, హబ్, నట్లు సరిచేశాక వేస్తే ఇదే ఎక్కువ కాలం నిలుస్తుంది. సరిచేయకుండా వేస్తే మూడు నెలల వారంటీ మాత్రమే అని మీకు ఇప్పటికే తెలుసు. మూడోది, డిస్కులను ప్రస్తుతానికి వదిలేసి ఎడమ క్యాలిపర్ మాత్రం బాగు చేయించడం. పిన్నులకు కొత్త బూట్లు, బ్రేకుల కోసమే తయారయ్యే సిలికాన్ గ్రీజు వేయాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. దానితో పాటు కొత్త బ్రేక్ ఆయిల్. అదురు వెంటనే పోదు, కానీ వేడి సమస్య తీరుతుంది, ఘాట్ భయం తగ్గుతుంది. జీతం వచ్చేదాకా ఆగాలంటే ఇది మర్యాదైన దారి. చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్‌లు మార్చితే పోతుందని ఎవరైనా చెప్పొచ్చు. అరిగిన బుష్‌లు అదురును పెంచి చూపిస్తాయి, మార్చితే తగ్గినట్టు అనిపిస్తుంది. కారణం మాత్రం డిస్కు దగ్గరే ఉంటుంది.

కొత్తవి వేయిస్తే వాటిని కుదురుకోనివ్వాలి. డిస్కుల మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడిపించండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద అరవై స్పీడు నుంచి ఇరవైకి ఓ పదిసార్లు మధ్యస్థంగా బ్రేక్ తొక్కుతూ దించండి. మధ్య మధ్య కాస్త దూరం నడపండి, పూర్తిగా ఆపొద్దు. చివర్లో బ్రేక్ వాడకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లార్చండి. ప్యాడ్ పదార్థం డిస్కు అంతటా సమంగా పట్టడానికి ఇది. వేయించిన మర్నాడే ఘాట్ దిగొద్దు.

అన్నయ్యగారి దగ్గరికి వద్దాం. ఆయన రెండుసార్లు పనిచేశారు, రెండోసారి లేబర్ తీసుకోకుండా కొన్న ధరకే సామాను ఇచ్చారు. మోసం చేసే మనిషి లక్షణాలు కావవి. చుట్టాల పని చాలాసార్లు రెండు కస్టమర్ బండ్ల మధ్య దొరికిన సందులో జరుగుతుంది. హబ్ రుద్దే పావుగంట, పై పిన్ను విప్పే పది నిమిషాలు అక్కడే ఎగిరిపోతాయి. కాబట్టి "మళ్ళీ పాడైంది" అని కాకుండా పనిగా అడగండి. "అన్నా, ఎడమ చక్రానికే పొడి ఎక్కువ పడుతోంది, వేడి కూడా ఎక్కువుంది. పిన్నులు రెండూ బయటికి తీసి చూస్తావా? ప్యాడ్లు నాకు చూపించు. డయల్ గేజ్ లేకపోతే ఎక్కడన్నా తెప్పిద్దాం. ఈసారి లేబర్ తీసుకోకపోతే నేను బండి తీసుకురాను" అనండి. చివరి మాట ముఖ్యం. డబ్బు తీసుకున్న పనికి టైము కేటాయిస్తారు, మీకు పక్కన నిలబడి చూసే హక్కు కూడా వస్తుంది. ఆదివారం గ్యారేజీ ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళండి.

ఆయన దగ్గర డయల్ గేజ్ లేకపోయినా, ఇవన్నీ అనవసరం అని కొట్టిపారేసినా, ఇంకో చోట కొలత మాత్రం తీయించుకుని ఆ కాగితం ఆయనకే ఇచ్చి రిపేరు ఆయనతోనే చేయించొచ్చు. కాస్త ముఖం ముడుచుకోవచ్చు, చేతిలో అంకెలుంటే తొందరగానే విప్పుకుంటారు. మొత్తం పని బయటే చేయించడం ఇంకో దారి. త్వరగా అయిపోతుంది. కానీ ఆడపడుచుకు ఎవరో ఒకరు చెప్పకమానరు, కాబట్టి ముందే మీరే ఆవిడకు ఫోన్ చేసి పాప భద్రత కోసం రెండో అభిప్రాయం తీసుకుంటున్నానని చెప్పండి. సర్వీస్ సెంటర్‌కు వెళ్ళిన సంగతి కూడా అప్పుడే చెప్పేయండి. ఎస్టిమేట్ కాగితం కారులో ఎప్పుడో ఒకసారి వాళ్ళ కంటపడుతుంది.

మీ ఆయన కారు అమ్మేద్దాం అనడంలో నాకు భయమే కనిపిస్తోంది, అది తప్పు కాదు. అయినా ఇప్పుడు అమ్మితే, టెస్ట్ డ్రైవ్‌లో ఎనభై దగ్గర ఒక్క బ్రేక్ వేయగానే కొనేవాళ్ళు ధర తగ్గిస్తారు, బాగు చేయించిన ఖర్చు కన్నా ఎక్కువే తగ్గిస్తారు. ఏమీ చెప్పకుండా అమ్మితే ఆ కారులో ఇంకో పాప కూర్చుంటుంది. ఇంజన్, గేరుబాక్సు బాగున్న కారును ఒక క్యాలిపర్ కోసం వదులుకోవడం నాకైతే నచ్చదు. వీల్ బేరింగ్, హబ్ కూడా పోయి, ఇతర పెద్ద ఖర్చులు వరసలో ఉంటే అప్పుడు ఆయన మాట మళ్ళీ ఆలోచించాల్సిందే.

విప్పించిన రోజు నాలుగు రకాల అంకెలు రాసుకోండి: ఎడమ, కుడి డిస్కుల మందం ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ, ఒక్కో డిస్కు డయల్ గేజ్ మీద ఎంత ఊగింది, నాలుగు ప్యాడ్ల మందం విడివిడిగా, డిస్కు మీద అచ్చు వేసిన కనీస మందం. పాత ప్యాడ్లు పారేయకుండా ఫోటో తీసి పంపండి. లోపలిది ఏది, బయటిది ఏది అని వెనక మార్కర్‌తో రాసి తీస్తే ఏ దారి పట్టాలో అప్పుడు కచ్చితంగా చెప్పగలను.